మియాటాకి చిన్న స్టీరింగ్ వేయించాలా, వద్దా?

మియాటా_బుల్లోడు (డాలస్)

అందరికీ నమస్కారం. పోయిన నెల ఒక 1992 మాజ్డా మియాటా కొన్నాను, రెండు సీట్ల చిన్న ఓపెన్ టాప్ కారు. ఎర్ర రంగు, అయిదు గేర్లు, పవర్ స్టీరింగ్ లేని బేస్ మోడల్. ఎనిమిదేళ్ళు క్యామ్రీ నడిపిన చేతికి ఇది వేరే లోకం. రోడ్డు మీద చిన్న రాయి తొక్కినా అరచేతికి తెలిసిపోతోంది.

ఇబ్బందల్లా ఆ స్టీరింగే. టెక్సస్ ఎండకి ముప్పై ఏళ్ళు మాడి పై పొర జిగురు తేలింది. పది నిమిషాలు నడిపితే అరచేతులు నల్లబడుతున్నాయి. పైగా నేను ఆరడుగుల ఒక అంగుళం. క్లచ్ మీంచి కాలు తీసినప్పుడల్లా ఎడమ తొడ స్టీరింగ్ కింది అంచుకి రాసుకుంటోంది. ఈ బండిలో స్టీరింగ్ పైకీ కిందికీ జరగదు, ముందుకీ వెనక్కీ జరగదు. కంపెనీవాడు ఎక్కడ పెట్టాడో అక్కడే.

మోమో కంపెనీ ప్రోటోటిపో స్టీరింగ్, 350 మి.మీ.ది చూశాను. మూడు స్పోకులు, వాటికి గుండ్రటి బెజ్జాలు, నల్ల తోలు. అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. స్టీరింగ్, దాన్ని షాఫ్ట్‌కి బిగించే హబ్, హారన్ బటన్ అన్నీ కలిపి 400 డాలర్లు దాటుతోంది. మా ఆవిడ ఒకటే ప్రశ్న అడిగింది: “గుండ్రంగానే ఉంది, తిరుగుతూనే ఉంది, ఇంకేం కావాలి?” జవాబు చెప్పలేక ఇక్కడికొచ్చాను. డబ్బు పెట్టొచ్చా?

పాత_ఇనుము (సియాటిల్)

స్వాగతం తమ్ముడూ. నా దగ్గర 1990 బండి పదకొండేళ్ళుగా ఉంది. దానికి మోమో వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. కాబట్టి రెండు వైపులా తిట్టే హక్కు నాకుంది.

ముందు ఒక అపోహ సంగతి. చిన్న స్టీరింగ్ వేస్తే బండి చురుగ్గా తిరుగుతుందంటారు. తిరగదు. స్టీరింగ్ రేషియో, అంటే ఎంత తిప్పితే చక్రాలు ఎంత తిరుగుతాయన్న లెక్క, కింద ర్యాక్‌లో (చక్రాల్ని తిప్పే పళ్ళ కడ్డీలో) ఉంటుంది, నువ్వు పట్టుకునే రింగులో కాదు. పవర్ లేని నీ ర్యాక్‌కి ఈ చివర్నుంచి ఆ చివరికి మూడు చుట్ల పైనే పడుతుంది. మోమో వేసినా అన్నే చుట్లు. మారేదల్లా చెయ్యి జరిగే దూరం. నీ స్టీరింగ్‌కి టేపు పెట్టి చూడు, అటూ ఇటూగా 370 మి.మీ. వస్తుంది. 350కి దిగితే చెయ్యి అయిదు శాతం తక్కువ జరుగుతుంది, దాదాపు అంతే శాతం బలం ఎక్కువ పెట్టాలి. 320కి పోతే బరువు 15 శాతం పైనే పెరుగుతుంది. హైవే మీద ఇదేం తెలియదు. ఆదివారం సాయంత్రం ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో రెండు వ్యాన్ల మధ్య దూర్చేటప్పుడు మాత్రం భుజాలు చెబుతాయి.

ఇక అసలు సంగతి ఎయిర్‌బ్యాగ్. అమెరికాలో అమ్మిన మియాటాలకి మొదటి నుంచీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉంది. మోమో వేస్తే అది పోతుంది. దాని చోట ఉండేది హారన్ బటన్, బటన్ వెనక లోహపు హబ్. షాపుకి తీసుకెళ్తే చాలామంది చెయ్యం అంటారు. అది వాళ్ళ మొండితనం కాదు. డీలర్లూ రిపేరు షాపులూ భద్రతా పరికరాన్ని పనిచేయకుండా చేయకూడదని ఫెడరల్ చట్టం ఉంది. సొంత గరాజ్‌లో సొంత చేతులతో విప్పుకునేవాడి జోలికి ఆ చట్టం రాదు. ఆ తర్వాత ఇన్సూరెన్స్ వాడికి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

ఇంకో మాట. టైర్ల వయసెంత? పక్కన డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు చూసి చెప్పు.

ట్రాక్_పిచ్చోడు (అట్లాంటా)

పాత_ఇనుము అన్న మొదటి రోజే కుర్రాణ్ణి భయపెట్టేశాడు.

నేను మార్చాను, బాగుపడ్డాను. 1995 బండి, పవర్ స్టీరింగ్ ఉంది, 330 మి.మీ. స్పార్కో స్టీరింగ్, దానికి స్వెడ్ (నూగు తోలు). ఆటోక్రాస్ పోటీలో కోన్ల మధ్య అటూ ఇటూ కొట్టేటప్పుడు చేతులు ఒకదాని మీదికి ఒకటి పోకుండా పని అయిపోతోంది. పాత స్టీరింగ్‌తో మోచేయి డోరుకి తగిలేది. కాకపోతే నా బండిలో బోల్తా పడినా తలని కాచే రోల్ బార్ ఉంది, హార్నెస్ (రేసు బెల్టు) ఉంది, హెల్మెట్ పెట్టుకుంటాను. దాన్ని ఆఫీసుకి తీసుకెళ్ళను, ట్రైలర్ మీద వెళ్తుంది, ట్రైలర్ మీద వస్తుంది.

స్వెడ్ గురించి ఒక హెచ్చరిక. గ్లవ్స్ ఉంటే బంక పెట్టినట్టు పట్టుకుంటుంది. ఉత్త చేతులతో ఒక్క వేసవి నడిపితే చాలు, చెమటా జిడ్డూ పట్టి నున్నగా మెరుస్తుంది. రోజువారీ బండికి తోలే మేలు.

ఇంకో పాఠం నా జేబులోంచి వచ్చింది. మోమో, స్పార్కో, ఓఎంపీ కంపెనీల స్టీరింగ్‌లకి ఆరు బోల్టులు 70 మి.మీ. వ్యాసం వృత్తం మీద ఉంటాయి. నార్డి, పర్సనల్ వాటికి 74. నేను నార్డి హబ్ కొని స్పార్కో తెచ్చాను. ఒక్కో బోల్టు దగ్గర రెండేసి మిల్లీమీటర్లు తేడా. శనివారమంతా దాన్ని చూస్తూ కూర్చున్నాను.

సిల్వర్_జింక (ఎడిసన్)

బుల్లోడు గారూ, నాది మీకు తలకిందుల సమస్య. నేను అయిదడుగుల ఒక అంగుళం, బండి 2001 మియాటా. క్లచ్ అందాలంటే సీటు పూర్తిగా ముందుకి లాక్కోవాలి. ఛాతీకీ ఎయిర్‌బ్యాగ్ మూతకీ మధ్య కనీసం పది అంగుళాలు ఉండాలని ఇక్కడి రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ చెబుతుంది. నాకు స్కేలు పెడితే తొమ్మిదిన్నర వచ్చింది. సీటు వీపు కొంచెం వెనక్కి వాల్చి పదిన్నర చేసుకున్నాను. స్టీరింగ్ మార్చాలని నాకూ అనిపించింది, ఎయిర్‌బ్యాగే లేకపోతే ఈ కొలతల గొడవే ఉండదు కదా అని.

మరి ఎందుకు మార్చలేదంటే, 2019లో నా పాత సెడాన్‌ని ఒకాయన సిగ్నల్ దాటొచ్చి ఎదురుగా గుద్దాడు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్న చప్పుడు నాకు గుర్తులేదు. వాసన గుర్తుంది, దీపావళి మర్నాడు వీధిలో ఉండే వాసన. కళ్ళజోడు రెండు ముక్కలు. కుడి ముంజేతి మీద కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. ముఖం మాత్రం ఉంది.

1987 నుంచి 2017 దాకా ముందు ఎయిర్‌బ్యాగ్‌లు అమెరికాలో 50 వేల మందికి పైగా ప్రాణాలు నిలబెట్టాయని అదే సంస్థ లెక్క. ట్రాక్ తమ్ముడికి హెల్మెట్, హార్నెస్ ఉన్నాయి. మీకు 75వ నంబర్ హైవే మీద ఏమున్నాయి?

లెస్టర్_రోడ్‌స్టర్ (ఇంగ్లండ్)

ఇక్కడ కథ వేరు. నాది జపాన్ నుంచి దిగుమతైన యూనోస్ రోడ్‌స్టర్ (మియాటాకే అక్కడి పేరు), 1990 వీ-స్పెషల్. ముదురాకుపచ్చ రంగు, లోపల టాన్ లెదర్, కంపెనీ నుంచే నార్డి చెక్క స్టీరింగ్, దానికి జతగా చెక్క గేర్ నాబ్. దీంట్లో ఎయిర్‌బ్యాగ్ మొదట్నుంచీ లేదు కాబట్టి నేను పోగొట్టుకున్నదీ లేదు. అదే ఎయిర్‌బ్యాగ్‌తో వచ్చిన బండికి అది పీకేస్తే ఇక్కడ ఏటేటా జరిగే ఎంఓటీ తనిఖీలో ఫెయిల్.

చెక్క స్టీరింగ్ చూడముచ్చటగా ఉంటుంది. జనవరి ఉదయం ముట్టుకుంటే ఐసుముక్క, వానాకాలం చెయ్యి జారుతుంది. ఇంగ్లండ్‌లో వానాకాలం అంటే పన్నెండు నెలలు.

కేమన్_కాకినాడ (శాన్ హోసే)

మియాటా గొడవలో నేనూ తల దూరుస్తున్నాను. స్టీరింగ్ మార్చడం దండగ అని అందరికీ ఒకే తీర్పు ఇవ్వలేం. నాది 2009 పోర్షా కేమన్ ఎస్, పీడీకే అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. అప్పట్లో పోర్షా వాళ్ళకి ఏ బుద్ధి పుట్టిందో గానీ స్టీరింగ్ మీద ప్యాడిల్స్ (వేళ్ళతో గేరు మార్చే రెక్కలు) బదులు బొత్తాలు పెట్టారు. ముందు నుంచి బొటనవేలితో నొక్కితే పై గేరు, వెనక నుంచి వేలితో లాగితే కింది గేరు, రెండు వైపులా అదే. మలుపులో చెయ్యి కాస్త జరిగితే ఏది నొక్కుతున్నామో తెలియదు. ఒకసారి కొండ దారిలో దిగుతూ కింది గేరు అనుకుని పై గేరు వేశాను. ఇంజిన్ బ్రేకింగ్ పోయి బండి జర్రున ముందుకి పోయింది. పక్కన మా నాన్నగారు. ఆయన ఏమీ అనలేదు, డోరు పిడి మాత్రం ఇల్లు చేరేదాకా వదల్లేదు.

జనం తిట్టగా తిట్టగా 2010 మోడల్ నుంచి పోర్షా వాళ్ళే అసలు ప్యాడిల్స్ ఉన్న స్టీరింగ్‌ని ఆప్షన్‌గా ఇచ్చారు. కుడిది పైకి, ఎడమది కిందికి. ఖర్చు మోమోకి చాలా రెట్లు. అయినా ఎయిర్‌బ్యాగ్ ఎక్కడికీ పోలేదు, గేరు తప్పు పడటం ఆగింది. నేను ఈ బండికి చేయించిన వాటిలో పశ్చాత్తాపం లేనిది అదొక్కటే. ఎగ్జాస్ట్ గురించి అడగొద్దు.

ఆటోనగర్_అల్లుడు (విజయవాడ)

మీ డాలర్ల గొడవ చదువుతుంటే మా మావయ్య మారుతి 800 గుర్తొచ్చింది. ఎవరో కుర్రాడి మాట విని బొమ్మ కారు సైజు స్టీరింగ్ వేయించాడు. అసలే పవర్ స్టీరింగ్ లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర యూ-టర్న్ కొట్టాలంటే నూతిలోంచి నీళ్ళు తోడినట్టు రెండు చేతులా లాగేవాడు. మీటరు సగం కనబడేది కాదు. చిన్న రింగు సరిగ్గా మీటర్‌కి అడ్డం వస్తుంది, ఈ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. నెల తిరక్కుండా పాతదే పెట్టించాడు.

నేనైతే మార్చను, కుట్టిస్తాను. ఇక్కడ సీటు కవర్లు కుట్టేవాళ్ళు స్టీరింగ్‌కి కూడా కొలత తీసి తోలు కోసి బండి మీదే కుడతారు. ఎయిర్‌బ్యాగ్ జోలికి పోనక్కర్లేదు. తొడుక్కునే రకం కవర్లు మాత్రం వద్దు. అవి గట్టి మలుపులో రింగు మీద జారతాయి. చెయ్యి తిరుగుతుంది, బండి తిరగదు.

మియాటా_బుల్లోడు

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. థాంక్స్ అండీ అందరికీ.

టైర్ కోడ్ 2311. అంటే ఏంటన్నా?

ఇంకో విషయం ఒప్పుకోవాలి. మీరందరూ రాసేలోపు ఆగలేకపోయాను. ఆన్‌లైన్‌లో ఒకతను వాడిన మోమో 90 డాలర్లకే పెట్టాడు, కొనేశాను. శనివారం పాతది విప్పుదామనుకుంటున్నాను. జాగ్రత్తలు చెప్పండి. ఎయిర్‌బ్యాగ్ లైటు సంగతి కూడా.

ట్రాక్_పిచ్చోడు

2011లో 23వ వారం అని అర్థం. నీ టైర్లు వయసులో నీ క్యామ్రీ కంటే పెద్దవి రా బాబూ! స్టీరింగ్ కాదు, ముందు అవి మార్చు.

ఓమ్_నియమం (ఫీనిక్స్)

లైటుకి భయపడక్కర్లేదు బ్రో. ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్‌లో ఒక రెసిస్టర్ పెడితే కంప్యూటర్‌కి బ్యాగ్ ఉన్నట్టే కనిపిస్తుంది, లైటు ఆరిపోతుంది. విలువ [నిర్వాహకులు తొలగించారు].

సిల్వర్_జింక

లైటు ఆరిపోతుంది, బ్యాగ్ మాత్రం తిరిగి రాదు కదండీ. రేపు ఈ బండి అమ్మితే కొనుక్కున్నవాడు తాళం తిప్పగానే లైటు వెలిగి ఆరడం చూసి అంతా బాగుందనుకుంటాడు. వాడికి నిజం చెప్పేదెవరు?

ఓమ్_నియమం

ఎదురుగా మోమో బటన్ కనబడుతుంటే బ్యాగ్ లేదని తెలియదా అక్కా?

సిల్వర్_జింక

మొదటిసారి కారు కొనేవాడికి తెలియదు. నాకే తెలియలేదు ఒకప్పుడు.

నిర్వాహకులు

రెసిస్టర్ విలువలు ఇక్కడ వద్దు. మిగతా చర్చ కానివ్వండి.

పాత_ఇనుము

తమ్ముడూ, విప్పే ముందు ఆ మోమో వెనక్కి తిప్పి చూడు. అసలుదైతే స్పోకుల వెనక కేబీఏ అని జర్మనీ అనుమతి నంబరు, తయారైన తేదీ అచ్చు ఉంటాయి. ఫొటో పెట్టు. అది తేలేదాకా పాతది ముట్టుకోకు.

తేలాక అంటావా, క్రమం ఇది. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసి టీ తాగి రా. తొందర పడకు, లోపల కెపాసిటర్‌లో కరెంటు నిలవుంటుంది. స్టీరింగ్ వెనక నుంచి నాలుగు నట్లు, 10 మి.మీ. సాకెట్, అవి తీస్తే ఎయిర్‌బ్యాగ్ ఊడుతుంది. దాన్ని పట్టుకెళ్ళేటప్పుడు మూత వైపు నీ ఒంటికి దూరంగా ఉండాలి. బల్ల మీద పెట్టేటప్పుడు మూత ఆకాశం వైపు. బోర్లా పెడితే పేలినప్పుడు మొత్తం మాడ్యూలే ఎగురుతుంది. దానికి మల్టీమీటర్ పెట్టి కొలవాలన్న సరదా అస్సలు వద్దు, మీటర్ పంపే ఆ కాస్త కరెంటుకే పేలొచ్చు.

తర్వాత మధ్యలో 21 మి.మీ. నట్టు. చక్రాలు నిటారుగా పెట్టి, షాఫ్ట్ మీదా స్టీరింగ్ మీదా వైటెనర్‌తో ఒకే గీత గియ్యి. గియ్యకపోతే కొత్తది ఒక పన్ను పక్కకి కూర్చుంటుంది, తిన్నగా పోతున్నా స్టీరింగ్ వంకరగా కనిపిస్తుంది. నట్టు వదులు చెయ్యి కానీ పూర్తిగా తియ్యకు, మూడు నాలుగు మరలు మిగిల్చు. ఆ తర్వాత అటూ ఇటూ ఊపుతూ లాగు. నేను మొదటిసారి నట్టు తీసి పక్కన పెట్టి, రెండు కాళ్ళూ డాష్‌కి తన్ని లాగాను. ముప్పై ఏళ్ళు పట్టేసిన స్టీరింగ్ ఒక్కసారిగా ఊడి పెదవి చీల్చింది. ఆఫీసులో జారి పడ్డానని చెప్పాను.

కొత్త హబ్ కూర్చోబెట్టేటప్పుడు ఇండికేటర్‌ని ఆపే రెండు చెవులు సరిగ్గా వాటి గాడిలో పడాలి. లేకపోతే మలుపు అయిపోయాక ఇండికేటర్ దానంతటది ఆగదు, నువ్వు ఊరంతా కుడివైపు తిరుగుతున్నట్టు చెప్పుకుంటూ పోతావు. నట్టు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే బిగించు, చేతి అంచనా వద్దు.

మియాటా_బుల్లోడు

ఫొటోలు పెట్టాను. ముందు వైపు పసుపు బాణంతో మోమో బటన్ బాగానే ఉంది. వెనక ఏ అచ్చూ లేదన్నా. రెండు చేతులా పట్టుకుని కొంచెం వంచితే రింగు వంగుతోంది. తోలు అన్నాడు, లైటర్ దగ్గర పెడితే ప్లాస్టిక్ కంపు.

పాత_ఇనుము

నకిలీ. బండికి పెట్టకు. గుద్దుకున్నప్పుడు వంగాల్సిన తీరు ఒకటుంటుంది, దీనికి అదేమీ తెలియదు. మలుపులో బలంగా లాగితే చేతిలోకే వస్తుంది.

సరే, అసలు ప్రశ్నకి వద్దాం. నీకు తొడ తగలడం ఒకటి, చేతికి అంటుకోవడం ఇంకొకటి. 350 వేస్తే కింది అంచు పైకి లేచేది సెంటీమీటరే. అంతకంటే సీటు దించుకో. పొడుగువాళ్ళు ఈ బండికి తరతరాలుగా చేస్తున్న పని అది. సీటు నాలుగు 14 మి.మీ. బోల్టుల మీద ఉంటుంది, విప్పి బయటికి తీసి, కవరు ఊడదీసి, కింద స్పాంజి కోసేయడమే. బ్రెడ్ కోసే ఎలక్ట్రిక్ కత్తితో కోస్తే వెన్నలా తెగుతుంది. ఒక అంగుళం కిందికి దిగుతావు, అంటే నువ్వు 400 డాలర్లు పెట్టి కొనుక్కునే జాగాకి రెండున్నర రెట్లు. తల కూడా టాప్‌కి తగలదు.

ట్రాక్_పిచ్చోడు

ఇది ఒప్పుకుంటాను. నేనూ స్పాంజి కోశాకే స్టీరింగ్ మార్చాను. ఒకేసారి మొత్తం కొయ్యకు, కోసిన స్పాంజి మళ్ళీ అతకదు.

మియాటా_బుల్లోడు

మూడు వారాల తర్వాత వస్తున్నాను.

మొదట టైర్లు మార్పించాను, వీల్ అలైన్‌మెంట్ చేయించాను. షాపువాడు పాత టైరు పగుళ్ళలో గోరు దూర్చి చూపించాడు. బయటికి తీసుకొచ్చి మొదటి మలుపు తిప్పగానే ఎవరో నా స్టీరింగ్ మార్చేశారా అనిపించింది. ఇన్నాళ్ళూ బరువుగా, నిదానంగా ఉంది అనుకున్నదంతా టైర్లేనట.

తర్వాత సీటు. మా ఆవిడ బ్రెడ్ కత్తి ఇవ్వనంది, పాత బ్లేడుతో కోశాను, అందుకే ఎడమ వైపు కొంచెం గుంట పడింది. కానీ తొడకీ స్టీరింగ్‌కీ మధ్య ఇప్పుడు నా అరచెయ్యి పడుతుంది.

స్టీరింగ్ అదే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిగురు తుడిస్తే తెల్ల గుడ్డలు ఎనిమిది నల్లబడ్డాయి. దాని మీద సూదితో కుట్టుకునే తోలు కవరు తెప్పించాను. రెండు సాయంత్రాలు పట్టింది. ముందు రింగు లోపలి వైపు డబుల్ టేప్ వేసి, స్పోకు దగ్గర మొదలుపెట్టి, అటొక కుట్టు ఇటొక కుట్టు. ప్రతి అయిదారు కుట్లకీ ఆగి దారం బిగించాలి. బిగించడం మర్చిపోయి ఒక చోట అరచేతి మేర వదులు పోయింది, విప్పి మళ్ళీ కుట్టాను. దారం లాగీ లాగీ చూపుడువేలు మడత దగ్గర తెగింది. మా అత్తగారు చూసి “జాకెట్టు హుక్కులు కూడా కుట్టవా బాబూ” అన్నారు. రింగు కొంచెం లావై పట్టు బాగుంది. మోమో అందం లేదు, అది ఒప్పుకోవాలి. రోడ్డు మీద ఇంకో మియాటాలో ప్రోటోటిపో కనిపిస్తే ఇప్పటికీ మెడ తిరుగుతుంది.

ట్రాక్_పిచ్చోడు

ఆటోక్రాస్‌కి ఒక్కసారి రా, అప్పుడు చెబుతావు. నా 330 నీ చేతికిస్తాను.

ఓమ్_నియమం

ఆ నకిలీ మోమో ఏం చేశావు బ్రో? నా సిమ్ రిగ్‌కి (ఇంట్లో రేసు గేమ్ ఆడే సెటప్‌కి) కావాలి. బెజ్జాలు 70 మి.మీ. మీదే ఉంటే సరిపోతుంది, అక్కడ గుద్దినా ఎవరికీ ఏం కాదు. 40 ఇస్తాను, షిప్పింగ్ నాదే.

మియాటా_బుల్లోడు

అమ్ముదామనే అనుకున్నాను బ్రో. మా నాలుగేళ్ళవాడు ఒప్పుకోవట్లేదు. దాన్ని సోఫా చేతికి టేపు వేసి అంటించుకున్నాడు, సోఫా ఇప్పుడు బస్సు. పొద్దున అమ్మమ్మకి టిక్కెట్టు కూడా కొట్టాడు.